ఒక్క నిమిషం, లైన్లో ఉండండి

మీరు అడిగినవి మూడు. కొత్తగా చేరిన ఆఫీసులో మీటింగ్ జరుగుతుండగా ఫోన్ చూస్తున్నారని మేనేజర్ అందరి ముందూ అన్నారు. మీరేమో అందులో నోట్స్ రాసుకుంటున్నారు, పైగా అమ్మగారు ఆసుపత్రిలో ఉన్నారు. రెండోది, రాత్రి పదిన్నరకు టీమ్ లీడ్ వాట్సాప్ చేస్తే చూసి ఊరుకోవాలా, జవాబివ్వాలా అన్నది. మూడోది, పెదనాన్నగారు పోయారని పరామర్శకు వెళ్లినప్పుడు మీ ఫోన్ మోగింది, అక్కడే కూర్చుని మాట్లాడారు. అప్పటినుంచి పెద్దమ్మ మీతో ముభావంగా ఉంటున్నారు. "వీటికి రూల్స్ అంటూ ఉన్నాయా, పెద్దవాళ్ల చాదస్తమా?" అని అడిగారు.

కొంత చాదస్తం కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను 1991లో విజయవాడలో ఒక కంపెనీలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. బయటినుంచి వచ్చే కాల్స్‌ని లోపలివాళ్లకు కలిపే బోర్డు ముందు పదకొండేళ్లు కూర్చున్నాను. తర్వాత హైదరాబాద్ వచ్చి హెచ్‌ఆర్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఫోన్ గురించి నాకు తెలిసినదంతా ఆ బోర్డు దగ్గర మొదటి వారంలో నేర్చుకున్నదే. నాలుగు బయటి లైన్లు, నలభై ఎక్స్‌టెన్షన్లు ఉండేవి. ఒకరితో మాట్లాడుతుంటే ఇంకో కాల్ వచ్చిందని ఇంకో దీపం వెలిగేది. నేను కంగారుపడి మొదటి మనిషిని వదిలేసి రెండోదానికి పోయేదాన్ని. నాకు పని నేర్పిన సీనియర్ ఆవిడ రెండుసార్లు చూసి ఊరుకున్నారు, మూడోసారి నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆ దీపం ఎక్కడికీ పోదు. ముందు ఈయనకి చెప్పు. చెప్పాక ఆయన సరే అనాలి. అప్పుడు వెళ్లు" అన్నారు. "ఒక్క నిమిషం, లైన్లో ఉండండి" అని, అవతలివాళ్లు "సరేనమ్మా" అన్నాకే వేలు కదలాలి. ఎందుకంటే అవతల మనిషికి వినిపించేది ఒట్టి నిశ్శబ్దం. లైను తెగిందో, మనం పక్కవాళ్లతో నవ్వుకుంటున్నామో, తన పని మనకు పట్టలేదో ఏమీ తెలియదు. తెలియనప్పుడు మనిషి చెడ్డగానే అనుకుంటాడు.

ఎదురుగా కూర్చున్న మనిషి కూడా లైన్లో ఉన్నట్టే లెక్క. జేబులో మోగేది రెండో లైను. రెండో లైను ఎత్తడం తప్పు కాదు, మొదటి లైనుకు చెప్పకుండా ఎత్తడం తప్పు. మీ మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు ఇదే.

మా రోజుల్లో జనం మహా మర్యాదస్తులని నేను చెప్పను. అప్పట్లో మర్యాదను డబ్బులే కాపాడేవి. ఎస్టీడీ బూత్‌లో మాట్లాడుతుంటే ఎదురుగా మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెత్తేవి. చుట్టూ అద్దాల తలుపు ఉండేది కాబట్టి మన గొడవలు క్యూలో ఉన్నవాళ్లకు వినపడేవి కావు. 1995 జూలై 31న కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ అదే. ఆ తర్వాత చాలా ఏళ్లు వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమయ్యేదాకా "చెప్పు తొందరగా, బిల్లవుతోంది" అనేదే మన ఫోన్ మర్యాద. ఆ తర్వాత మిస్డ్ కాల్ కాలం. ఒక రింగ్ ఇస్తే బయల్దేరాను, రెండిస్తే చేరాను అని ఇళ్లలో ఒప్పందాలుండేవి. 2016లో జియో వచ్చాక నిమిషాల లెక్క పోయింది. డబ్బు భయం పోయింది, అద్దాల తలుపూ పోయింది. వాటి బదులు మనం ఏదీ పెట్టుకోలేదు.

ఇక మీ మీటింగ్. తప్పు ఇద్దరిదీ. ఆయన అందరి ముందూ అనకుండా ఉండాల్సింది, అయ్యాక పక్కకు పిలిచి అడిగితే సరిపోయేది. కానీ ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుని చూడండి. నోట్‌బుక్‌లో రాస్తే పెన్ను కదలడం కనిపిస్తుంది. ఫోన్‌లో మీరు నోట్స్ రాసినా, రీల్స్ చూసినా, అమ్మగారి రిపోర్టు చదివినా బయటికి ఒకేలా ఉంటుంది: వంచిన తల, ఆడుతున్న బొటనవేలు. లోపల ఏముందో మీకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే ముందే చెప్పాలి. మీటింగ్ మొదలయ్యేముందు, "సర్, అమ్మ ఆసుపత్రిలో ఉంది. అక్కణ్ణుంచి ఫోన్ వస్తే బయటికెళ్లి మాట్లాడొస్తాను" అంటే చాలు. ఇన్నేళ్లలో ఈ మాటకు కాదన్న మేనేజర్‌ను నేను చూడలేదు. నోట్స్‌కి మాత్రం పదిహేను రూపాయల నోట్‌బుక్ కొనుక్కోండి. కొత్త ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు అదే మంచిది.

ఆసుపత్రి ఫోన్ ఒక్కటే మోగి మిగతావి మోగకుండా ఉండాలంటే డూ నాట్ డిస్టర్బ్ పెట్టుకోండి. అందులో ఫలానావాళ్ల కాల్స్ మాత్రం రానివ్వు అని ఎంచుకోవచ్చు. చాలామందికి తెలియని వెసులుబాటు ఇంకోటి ఉంది. అదే నెంబరు నుంచి వెంటనే రెండో కాల్ వస్తే దాన్ని మోగనిచ్చే సెట్టింగ్. ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల లోపు, ఐఫోన్‌లో మూడు నిమిషాల లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. అది ఆన్ చేసి ఇంట్లో అందరికీ ఒక మాట చెప్పండి: "అర్జెంటైతే వెంటనే రెండోసారి చెయ్యండి. అర్జెంటు కాకపోతే ఒక్కసారే చేసి వదిలెయ్యండి." మా ఇంట్లో ఇది అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. మా అమ్మ "కూరలో ఉప్పెక్కువైంది, ఏం చెయ్యను?" అని కూడా రెండుసార్లు చేసేది. చివరికి దారికొచ్చింది. ఒక్కటి గుర్తుంచుకోండి, వైబ్రేషన్‌లో పెట్టి బల్లమీద ఉంచితే అది సైలెంట్ కాదు. చెక్కబల్ల మీద ఆ గర్రుమనే చప్పుడు రింగ్‌టోన్ కన్నా ఘోరం.

మీటింగుల్లో ఫోన్ చూసేది కుర్రాళ్లే అనుకోకండి. నేను చూసినంతలో పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. ఒకసారి ఇంటర్వ్యూలో ఒకమ్మాయి తన ప్రాజెక్టు గురించి చెబుతోంది. మా ప్యానెల్‌లో ఒకాయన ఫోన్‌లోకి తల దించారు. ఆ అమ్మాయి మాట ఆపేసింది. ఆయన తల ఎత్తకుండానే "చెప్పండి చెప్పండి, వింటున్నా" అన్నారు. తను మళ్లీ మొదలుపెట్టింది కానీ గొంతులో మునుపటి ఊపు లేదు. రెండు ముక్కల్లో ముగించేసింది. మేము ఆఫర్ ఇచ్చాం, తను చేరలేదు. వేరే కారణమేదో ఉండొచ్చు, నేను మాత్రం ఆ "వింటున్నా"నే కారణం అనుకుంటాను. నిజంగా వింటున్నవాళ్లకి ఆ మాట చెప్పాల్సిన అవసరం రాదు. ఇప్పుడు చేతి గడియారాలకు కూడా మెసేజ్‌లొస్తున్నాయి. ఎవరింటికైనా వెళ్లి మాటిమాటికీ గడియారం చూస్తే ఆ ఇంటివాళ్లకి అర్థమయ్యేది ఒకటే, వీడికి వెళ్లిపోవాలని ఉంది.

రాత్రి మెసేజ్ సంగతి. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళలు దాటాక ఆఫీసు ఫోన్లు, మెయిళ్లు పట్టించుకోకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో అలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు, అంటే ప్రభుత్వం కాకుండా సభ్యులు సొంతంగా తెచ్చే బిల్లు, పెట్టారు కానీ అది చట్టం కాలేదు. అంచేత మనం మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. ఆ మాట రాత్రి పదిన్నరకు చిరాకుగా ఉన్నప్పుడు కాదు, మధ్యాహ్నం టీ దగ్గర రావాలి. "రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ చూడను సర్. ఏదైనా ఆగిపోయి అర్జెంటైతే కాల్ చేయండి, ఎత్తుతాను" అనండి. ఈ రెండో వాక్యమే ముఖ్యం. మొదటిది ఒక్కటే చెబితే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది, రెండోది చేర్చితే బాధ్యత ఉన్న మనిషిలా ఉంటుంది. ఇంకో సంగతి, నిజంగా కాల్ చేసినప్పుడు మీరు ఎత్తి తీరాలి. పనివేళలు దాటాక కూడా పిలిస్తే పలకాల్సిన ఆన్‌కాల్ షిఫ్టుకి డబ్బులిస్తున్న ఉద్యోగమైతే ఈ సలహా వర్తించదు.

నీలం టిక్కుల గురించి భయపడకండి. 2014 నవంబరులో వాట్సాప్ అవి పెట్టింది మొదలు, చూసినవాడు జవాబు బాకీ ఉన్నట్టు అయిపోయింది. అసలు మెసేజ్‌కి ఉన్న సుఖమే తీరిగ్గా చూసుకోవచ్చన్నది. టిక్కులు ఆపేసుకునే సెట్టింగ్ ఉంది కానీ, అప్పుడు ఎదుటివాళ్లవీ మీకు కనపడవు, గ్రూపుల్లో అయితే అది పనిచేయనే చేయదు. దాక్కోవడం కన్నా "చూశాను, పొద్దున చెబుతాను" అని రాయడం తేలిక. ఇది కూడా హోల్డ్‌లో పెట్టడమే.

మీ టీమ్ లీడ్ ఇది చదివితే ఆయనకూ ఒక ముక్క చెబుతాను. మర్చిపోతానేమోనని రాత్రి పంపేవాళ్లు చాలామంది ఉంటారు, నేనూ పంపాను. కింద "రేపు చూస్తే చాలు" అని మూడు ముక్కలు చేర్చితే అవతల మనిషి హాయిగా నిద్రపోతాడు. అలాగే "హాయ్" అని పంపి మాయమైపోవద్దు. అవతలివాడు "చెప్పండి సర్" అని రాసి పావుగంట టెన్షన్‌తో ఎదురుచూస్తాడు. పని ఏంటో ఆ మొదటి మెసేజ్‌లోనే రాయండి. నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్‌లు ఇంట్లో అమ్మమ్మకు పంపుకోవచ్చు, ఆఫీసులో వద్దు. అందులో తేదీ ఎక్కడ చెప్పారో వెతుక్కోవడానికి మొత్తం మళ్లీ వినాలి.

ఇప్పుడు పెద్దవాళ్ల చాదస్తం. "నేను చేస్తే ఎత్తలేదు, గర్వం పెరిగింది" అనే మాట ఉంది చూశారా, అది చాదస్తమే. ఫోన్ మోగడం కోర్టు సమన్లు కాదు. స్నానంలో ఉండొచ్చు, బండి మీద ఉండొచ్చు, మాట్లాడే ఓపిక లేకపోవచ్చు. ఎత్తకపోవడం అమర్యాద కాదు. రెండు రోజులైనా తిరిగి పలకరించకపోతే అప్పుడు అనండి. బండి నడుపుతున్నానని అవతలివాళ్లు అంటే మాత్రం మీరే పెట్టేయండి. చేత్తో ఫోన్ పట్టుకుని నడిపితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మొదటిసారికే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా అంటోంది. జరిమానా మాట అటుంచి, "ఫర్లేదు చెప్పు, హెల్మెట్‌లో పెట్టుకున్నా" అనేవాడితో కబుర్లు చెప్పేవాళ్లకూ అందులో భాగం ఉంది.

ఫోన్ చేసినప్పుడు మొదటి మాట "మాట్లాడొచ్చా?" అయితే మంచిది. అవతల పొయ్యి మీద పాలు పొంగుతుండొచ్చు. లైను తెగితే మళ్లీ చేయాల్సింది మొదట చేసినవాళ్లే. ఇది మా బోర్డు రూలు. ఇద్దరూ చేస్తే ఇద్దరికీ బిజీ వస్తుంది. ఇక వేళకాని వేళలో చేస్తే మొదటి వాక్యం "అంతా బాగున్నాం, ఊరికే చేశా" అని ఉండాలి. మా చెల్లెలి కూతురు డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ మధ్యాహ్నం రెండున్నరకు తీరిక దొరికిందని చేస్తే ఎండాకాలంలో మనకు రాత్రి ఒంటిగంట. ఇళ్లలో పెద్దవాళ్లు ఆ వేళలో రింగ్ వింటే ఎవరికేమైందో అనుకుంటూనే లేస్తారు. "హలో, ఏంటి సంగతులు" అని మొదలుపెడితే వాళ్ల గుండెదడ తగ్గడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

స్పీకర్‌లో పెడితే పెట్టానని చెప్పండి, పక్కన ఎవరున్నారో కూడా చెప్పండి. చెప్పకపోవడం వల్ల ఒకింట్లో అత్తాకోడళ్ల మధ్య ఎనిమిది నెలలు మాటల్లేకుండా పోయాయి. అంతకన్నా వివరం చెప్పను, వాళ్లు ఇది చదువుతారు. కాల్ రికార్డు చేస్తున్నా అంతే, ముందే చెప్పాలి.

ఇక మూడోది. ఇక్కడ నేను పూర్తిగా మీ పెద్దమ్మ వైపు.

పరామర్శకు వెళ్లినవాళ్లం అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు. పోయినవాళ్లను తేలేం, చెప్పే మాటలు కూడా అందరూ చెప్పేవే. వెళ్లి కాసేపు దగ్గర కూర్చుంటాం. మనం తీసుకెళ్లింది అదొక్కటే. అక్కడ కూర్చునే "ఆ, చెప్పరా, లేదు లేదు ఖాళీయే" అని మాట్లాడితే, తెచ్చినదాన్ని తిరిగి జేబులో వేసుకున్నట్టు. మీరు ఆ మాటే అన్నారో లేదో నాకు తెలియదు. ఆమె గుర్తుపెట్టుకునేది మాత్రం అలాంటి ముక్కనే.

మిమ్మల్ని అనే అర్హత నాకూ అంతంతమాత్రమే. ఒక దగ్గరి బంధువు పెద్దకర్మనాడు, సరిగ్గా అందరూ మౌనంగా ఉన్న సమయంలో నా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఐటమ్ సాంగ్ మోగింది. ముందురోజు మా మనవడు రింగ్‌టోన్ మార్చాడు. బ్యాగ్‌లో కళ్లజోడు కేసు, మందులు, గుడి కుంకుమ పొట్లం, అన్నీ తగులుతున్నాయి కానీ ఫోన్ తగలదు. పల్లవి అయిపోయి చరణం దాకా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. అప్పుడు నేర్చుకున్నది: అలాంటి చోట ఎవరు చేశారో చూసుకునే పని పెట్టుకోకూడదు. పక్కనున్న వాల్యూమ్ బటన్ నొక్కితే కాల్ కట్ కాకుండానే మోత ఆగిపోతుంది, బ్యాగ్‌లో చెయ్యి పెట్టి తడిమైనా నొక్కొచ్చు. తర్వాత లేచి వీధిలోకి వెళ్లి చూసుకోవాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడితే ఇంకా బాగా వినిపిస్తుంది. ఇప్పుడు నేను అలాంటి ఇళ్లకు వెళ్తే ఫోన్ కారులో వదిలేస్తాను.

చావు ఇంటి గురించి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, మీరు అడగకపోయినా. మాకు తెలిసిన ఒకింట్లో పెద్దాయన తెల్లవారుజామున నాలుగింటికి పోయారు. కూతురు డల్లాస్‌లోనే ఉంటుంది. ముందు అల్లుడికి చెప్పి, ఆమె ఇంటికి చేరాక అతనితో చెప్పిద్దామని ఇంటివాళ్లు అనుకున్నారు. ఆరింటికల్లా దూరపు చుట్టం ఒకరు ఆయన ఫొటోకి దండ అంటించి "ఓం శాంతి" అని స్టేటస్ పెట్టేశారు. అక్కడ అప్పుడు ముందురోజు సాయంత్రం ఏడున్నర. ఆమె సరుకుల షాపులో బిల్లు కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్ తెరిచింది. ఆ స్టేటస్ పెట్టినాయన చెడ్డవాడు కాదు, పెద్దాయనంటే నిజంగా అభిమానం ఉన్నవాడే. కానీ ఆ వార్త ఆయనది కాదు. ఇంట్లో సొంత మనుషులు పెట్టేదాకా మరెవరూ పెట్టకూడదు, గ్రూపులో కూడా వేయకూడదు. పురుడు, నిశ్చితార్థం, ఉద్యోగం పోవడం, అన్నిటికీ ఇంతే.

పెళ్లిళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి ముందు వరసలో నలభై ఫోన్లు లేస్తాయి, వెనక కూర్చున్న తాతయ్యకి కనపడేది ఆ నలభై స్క్రీన్లే. భోజనాల్లో చెవికి ఫోన్ ఆనించుకుని, వడ్డించే అబ్బాయికి వేలితో వద్దు, కావాలి అని సైగలు చేయకండి. అతను కూడా లైన్లో ఉన్న మనిషే.

బస్సులో, రైల్లో పక్కవాళ్లు స్పీకర్‌లో వీడియోలు చూస్తే ఏం చేయాలని మీరు అడగలేదు కానీ అందరూ అడుగుతారు. రైళ్లలో గట్టిగా ఫోన్ మాట్లాడటం, పాటలు పెట్టడం కూడదని 2022 జనవరిలో రైల్వేవాళ్లు ఆదేశాలిచ్చారు, టీటీఈకి చెప్పొచ్చు. నేను మాత్రం "ఇయర్‌ఫోన్స్ మర్చిపోయారా బాబూ?" అని అడుగుతాను. "ఆపండి" అంటే గొడవ. ఇలా అడిగితే పదింట ఎనిమిదిమంది వాళ్లంతట వాళ్లే తగ్గిస్తారు, మిగతా ఇద్దరి కోసం నా దగ్గరే దూది ఉంటుంది.

మీ పెద్దమ్మ దగ్గరికి వస్తే, వాట్సాప్‌లో సారీ పెట్టకండి, ఫోన్‌లో కూడా చెప్పకండి. ముందు ఒక కాల్ చేసి "పెద్దమ్మా, ఆదివారం రానా?" అని అడగండి. ఒక్కరే వెళ్లండి. జరిగిందాన్ని సమర్థించుకోవద్దు, ఆఫీసు కాల్ అనీ, తప్పనిసరి అనీ అనొద్దు. "ఆ రోజు నేను అలా మాట్లాడకుండా ఉండాల్సింది" అంటే చాలు. తర్వాత పెదనాన్నగారి గురించి ఆమె మాట్లాడతారు, ఓ గంట పట్టొచ్చు. మధ్యలో అమ్మగారి ఆసుపత్రి నుంచి కాల్ రావచ్చు కాబట్టి కూర్చోగానే ఆ సంగతి ఆమెకు చెప్పేయండి. వస్తే ఎత్తమని ఆమే అంటారు.